నిరుపేద వృద్ధులకు ఆపత్సహాయము: కరువు గంజి నుండి పింఛను వరకు

వార్ధక్యము అందరికిని తప్పనిది. కాని వార్ధక్యమునకు దారిద్ర్యము తోడై, ఆ రెండింటి మీద కరువో, వరదయో, మహమ్మారియో వచ్చి పడినపుడు ఆ మనుష్యుని గతి యేమి? ఈ ప్రశ్నకు వేరువేరు కాలములందు సంఘమును, ప్రభుత్వములును ఇచ్చిన సమాధానములను వరుసగా పరిశీలించుటయే ఈ వ్యాసమున తలపెట్టిన పని.

సుభిక్షముగా నున్న దినములలో పేద వృద్ధుడు ఎట్లో కాలము గడుపును. కొడుకు తెచ్చిన కూలిలో కొంత, కోడలు పోసిన గంజి, కోతల కాలమున పొలములో ఏరుకొన్న పరిగె, ఇరుగుపొరుగు వారి ఆదరణ అతనికి ఆధారములు. కరువు వచ్చినపుడు మొట్టమొదట తెగిపోవునవి ఈ ఆధారములే. పంట లేని పొలములో పరిగె యుండదు. పని దొరకని కొడుకు ఆలుబిడ్డలతో పరాయి సీమకు వలసపోవును. అంత దూరము నడువలేని ముసలివారు ఇంటనే మిగులుదురు. ఇరుగుపొరుగు వారికే తినుటకు లేనపుడు వారు పెట్టునది యేమి? కావున ఆపద అందరిదియే అయినను, అందులో అందరికన్న ముందు చిక్కుకొనువాడును, సహాయము అందరికన్న తుదకు అందువాడును నిరుపేద వృద్ధుడే.

ధర్మదాతల ఆశ్రయము

మన దేశమున పూర్వము ఇట్టివారికి దిక్కు ధర్మదాతలు, సత్రములు, దేవాలయములు. గోదావరి లంకలలో లంకలగన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ కాని వేళ వచ్చిన వారికి సైతము అన్నము పెట్టి అన్నపూర్ణ యని పేరొందిరి. కర్నూలు మండలమున ఉయ్యాలవాడ వాస్తవ్యులు బుడ్డా వెంగళరెడ్డిగారు కరువుకాలమున వేలమందికి గంజి పోయించిన వృత్తాంతమును రాయలసీమ ప్రజలు నేటికిని పాటలుగా పాడుకొందురు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసినపుడు నిజాము మహబూబ్ అలీఖాన్ తన భవనములను నిరాశ్రయులకు తెరిపించి భోజనపు ఏర్పాటులు చేయించెను.

ఈ మహనీయుల ఔదార్యమునకు కొరత లేదు. అయినను ఈ పద్ధతికి ఒక హద్దు కలదు. దాత యున్న ఊరిలో ఆకలి తీరును. లేని ఊరిలో తీరదు. సత్రము దాకా నడిచి రాగలిగినవానికి అన్నము దొరకును. మంచము దిగలేనివానికి దొరకదు. దాత గతించిన పిమ్మట ఆ పొయ్యి వెలుగునో లేదో ఎవరును చెప్పజాలరు. తన కష్టమునకు ఇంత సహాయము రాగలదని వృద్ధుడు ముందుగా నమ్మి యుండుటకు అచట వీలు లేదు.

డొక్కల కరువు, ధాత కరువు

1832–33లో, నందననామ సంవత్సరమున, గుంటూరు సీమను పీడించిన క్షామమును తెలుగువారు డొక్కల కరువని పిలిచిరి. మనుష్యుల డొక్కలు ఎండి బయటపడిన దృశ్యమే ఆ పేరునకు కారణము. ఐదు లక్షల జనసంఖ్య గల ఆ ప్రాంతమున లక్షన్నరకు తక్కువ కాకుండ ప్రాణములు పోయినవని అంచనా. ఆనాడు కుంపిణీ ప్రభుత్వమునకు క్షామ నివారణమున కొక నిర్ణీతమైన పద్ధతియే లేకుండెను. తరువాత 1852లో గోదావరి మీద ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో కృష్ణ మీద బెజవాడ ఆనకట్టయు పూర్తియై డెల్టా ప్రాంతములకు కరువు భయము చాలవరకు తగ్గెను. కాని కాలువలు లేని రాయలసీమకు ఆ రక్ష కలుగలేదు.

1876లో ధాతనామ సంవత్సరమున వానలు పోయినవి. బళ్లారి, కర్నూలు, కడప మండలములలో ఆరంభమైన క్షామము 1878 వరకును దక్షిణ దేశమును దహించెను. బ్రిటిషు ఏలుబడిలోని ప్రాంతములందే 50 లక్షలకు పైగా జనులు మరణించిరని అంచనా. ఈసారి ప్రభుత్వము ఊరకుండలేదు. చెరువులు త్రవ్వుట, బాటలు వేయుట మున్నగు కరువు పనులను పెట్టి, పనిచేసినవారికి కూలి ఇచ్చెను. ఉద్దేశము మంచిదే. కాని వృద్ధుల విషయమున చిక్కు ఇచటనే యున్నది. సహాయమునకు ద్వారము కూలిపని అయినపుడు, పార ఎత్తలేనివాడు ఆ ద్వారమున ఎట్లు ప్రవేశించును?

1877 జనవరిలో భారత ప్రభుత్వము సర్ రిచర్డు టెంపిలును మద్రాసు రాజధానికి పంపెను. ఆయన అంతకు మూడేండ్ల క్రిందట బీహారు క్షామమున ధారాళముగా ధాన్యము తెప్పించి ప్రాణనష్టము కాకుండ కాపాడి, అధికవ్యయము చేసెనన్న నిందకు గురియైన అధికారి. ఈసారి పొదుపే ఆయనకు ఆజ్ఞ. కరువు పనిలోని పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యము వెలయు, దానిపై స్వల్పమైన రొక్కమును చాలునని ఆయన నిర్ణయించెను. ఇదియే చరిత్రలో టెంపిలు కూలిగా నిలిచినది. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిషు ఆ తిండితో శ్రమచేయు మనుష్యుని శరీరము నిలువదని గట్టిగా వాదించెను. కొన్ని నెలలకే ఆ కూలిని పెంపవలసి వచ్చెను.

పనికి రాలేనివారి కొరకు శిబిరములలో అన్నము పెట్టుటయు, గ్రామములలో నిరాధారులకు కొంత ధనము పంచుటయు కూడ జరిగినవి. కాని ఇవి ఆపద ముదిరిన పిమ్మట త్వరత్వరగా కల్పించిన ఏర్పాటులు. ఏ యూరిలో ఎందరు నిస్సహాయులున్నారో చెప్పు లెక్క ముందుగా ఎవరి వద్దను లేదు. శిబిరము దూరము; అపరిచితుల నడుమ చావవలెనన్న జంకు మరియొకటి. 1877 ఆగస్టులో మద్రాసు పౌరులు సభ చేసి లండను నగర మేయరునకు విన్నపము పంపగా వచ్చిన చందాలతో ప్రభుత్వ నియమములకు లోబడని నిర్భాగ్యులకు బట్టలు, ఇండ్ల బాగు, విత్తనములు మున్నగునవి సమకూర్చిరి. ఆ సంఘమునకు కార్యదర్శిగా పనిచేసిన విలియం డిగ్బీ 1878లో ఈ క్షామ చరిత్రను రెండు సంపుటములుగా ప్రకటించెను.

గ్రామ పట్టిక పుట్టుక

ఇంత ప్రాణనష్టము జరిగిన తరువాత ప్రభుత్వము సర్ రిచర్డు స్ట్రేచీ అధ్యక్షతన విచారణ సంఘమును నియమించెను. ఆ సంఘము 1880లో నివేదికను సమర్పించెను. దాని ననుసరించి 1883లో క్షామ నిబంధనావళి యొకటి వెలువడెను. తరువాత ఒక్కొక్క రాష్ట్రమును తనకు తగినట్లు దానిని సవరించి వాడుకొనెను.

ఈ నిబంధనావళి కరువు బాధితులను రెండు తెగలుగా విభజించెను. పనిచేయగలవారికి పని, కూలి. పనిచేయలేనివారికి, అనగా వృద్ధులకు, కుంటివారికి, గ్రుడ్డివారికి, రోగులకు, వారిని విడిచి రాలేక ఇంట నిలిచిపోయినవారికి, ఉచిత సహాయము. ఈ రెండవ తెగవారికి సహాయము సాధ్యమైనంతవరకు వారి గ్రామమునందే అందవలెను. గ్రామాధికారి అర్హుల పట్టికను వ్రాయవలెను. పై అధికారి గ్రామమునకు వచ్చి ఆ పట్టికను సరిచూడవలెను.

పైకి ఇది కచేరీ వ్యవహారము వలె కనబడును. కాని ఇందు ఒక గొప్ప మార్పు ఇమిడి యున్నది. అంతవరకు వృద్ధుడు సహాయమును వెదకికొనుచు పోవలసి యుండెను. ఇకమీదట సహాయమే వృద్ధుని వెదకికొనుచు రావలెను. ఊరిలో ఎవరి పొయ్యి మీద పిల్లి పడుకొన్నదో కరణమునకు, మునసబునకు, తలారికి తెలియును. ఆ తెలివిడిని కాగితము మీద పెట్టించుటయే ఈ నియమములలోని కీలకము. అందులో దోషములును లేకపోలేదు. పట్టిక వ్రాయువాని దయాదాక్షిణ్యముల మీదనే పేదవాని బ్రతుకు ఆధారపడెను. ఊరి చివర వాడలలోని వారి పేర్లు పట్టికకు ఎక్కుట పెద్దల దృష్టిని బట్టి యుండెను. పై అధికారి స్వయముగా వచ్చి సరిచూడవలెనని విధించుటకు ఇదియే హేతువు.

1901లో సర్ ఆంటనీ మెక్డోనెల్ అధ్యక్షతన నివేదిక సమర్పించిన మరియొక సంఘము ఇంకొక సత్యమును నొక్కి చెప్పెను. సహాయము ఆలసింపరాదు; జనులు డస్సిపోక మునుపే మొదలుపెట్టి వారికి ధైర్యము కలిగింపవలెను. కృశించిన శరీరమునకు తరువాత ఎంత పెట్టినను ప్రయోజనము స్వల్పమే. వృద్ధుల విషయమున ఈ మాట మరింత నిజము.

నియమములు పుస్తకములో ఉన్నంత మాత్రమున ప్రాణములు నిలువవు. 1943లో వంగదేశమున ఘోరక్షామము వచ్చినపుడు అచటి ప్రభుత్వము నిబంధనావళి ప్రకారము క్షామమును ప్రకటింపనే లేదు. ప్రకటన లేనిచో పట్టికలు లేవు, ఉచిత సహాయమును లేదు. సుమారు 30 లక్షలమంది మరణించిరని తరువాతి పరిశోధకుల అంచనా. ఆపద వచ్చినదని అధికారి ఒప్పుకొన్న పిమ్మటనే మేల్కొను ఏర్పాటు, అతడు ఒప్పుకొననిచో మేల్కొననే మేల్కొనదు. మరి ప్రకటనతో నిమిత్తము లేకుండ, ప్రతిమాసమును నడచు ఏర్పాటు ఏదైన కలదా?

ఇంగ్లండు దేశపు అనుభవము

ఈ ప్రశ్నకు సమాధానము ఇతర దేశములలో అప్పటికే రూపొందినది. ఇంగ్లండులో 1601 నాటి బీదల చట్టము నిరుపేదల పోషణభారమును ఆయా పారిష్ గ్రామముల మీద మోపెను. 1834లో ఆ చట్టమును మార్చి, సహాయము కోరువారు బీదల శాలలో చేరవలెనన్న పద్ధతిని బలపరచిరి. అచట కట్టుబాట్లు కఠినములు. ఏండ్ల తరబడి కాపురము చేసిన ముసలి దంపతులను సైతము వేరువేరు భాగములలో ఉంచుచుండిరి. సహాయము సులభముగా ఉన్నచో జనులు సోమరులగుదురన్న భయమే ఈ కాఠిన్యమునకు మూలము. వయస్సు మీరినవాడు సోమరి యగుట యేమి? ఆకలిని ఓర్చుకొనియైనను ఆ శాల గడప త్రొక్కకుండుటయే పరువని పేదలు తలచిరి.

జర్మనీ 1889లోను, డెన్మార్కు 1891లోను, న్యూజిలాండు 1898లోను వృద్ధుల కొరకు చట్టములు చేసినవి. ఇంగ్లండు 1908లో చట్టము చేసి, 1909 జనవరి 1వ తేదీ నుండి 70 ఏండ్లు నిండిన పేదవారికి వారమునకు 5 షిల్లింగుల వరకు పింఛను ఇయ్యసాగెను. ఆ సొమ్ము తక్కువయే. అయినను దానిని బీదల శాల ద్వారా గాక తపాలా కార్యాలయము ద్వారా చెల్లించుటలో గొప్ప విశేషమున్నది. ఉత్తరము కొరకు వెళ్లిన చోటికే పింఛను కొరకును వెళ్లవచ్చును. అడుగుటలోని అవమానము దానితో తగ్గెను.

స్వతంత్ర భారతమున

1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 41వ అధికరణమున, తన ఆర్థికశక్తి మేరకు, నిరుద్యోగము, వార్ధక్యము, వ్యాధి, అంగవైకల్యము కలిగినపుడు పౌరులకు సహాయము లభించునట్లు రాజ్యము ఏర్పాటు చేయవలెనని ఆదేశించెను. ఇది న్యాయస్థానముల ద్వారా రాబట్టుకొను హక్కు కాదు. ప్రభుత్వములకు చూపిన దారి. 1952లో రాయలసీమను మరల క్షామము పీడించినపుడు సైనికులు వచ్చి బావులు లోతు చేసిరి. గంజి కేంద్రములు వెలసినవి. కరువుతోపాటు పుట్టి కరువుతోపాటు ముగియు సహాయమే ఇదియు.

నెలనెలకు నడచు ఏర్పాటు 1957లో ఉత్తరప్రదేశమున ఆరంభమయ్యెను. ఆదరించువారు లేని వృద్ధులకు అచట పింఛను ఇయ్యసాగిరి. 1960లో కేరళమును, ఆంధ్రప్రదేశమును ఆ మార్గము ననుసరించినవి. తరువాతి దశకములలో తక్కిన రాష్ట్రములును ఒకటొకటిగా చేరినవి. సొమ్ము స్వల్పము, నియమములు కఠినములు, పొందువారు కొలదిమంది. అయినను నిరాధార వృద్ధుని పేరు కరువు లేని దినములలో కూడ సర్కారు పుస్తకమున నిలుచుట అదియే మొదలు.

1995 ఆగస్టు 15వ తేదీన కేంద్రప్రభుత్వము జాతీయ సామాజిక సహాయ కార్యక్రమమును ప్రారంభించి, 65 ఏండ్లు నిండిన నిరాధారులకు నెలకు 75 రూపాయలు ఇయ్యనారంభించెను. ఆ కార్యక్రమములోనే జాతీయ కుటుంబ ప్రయోజన పథకమును చేరియున్నది. పేద కుటుంబమున సంపాదించువాడు మరణించినచో ఆ యింటికి ఒక్కమారుగా కొంత సొమ్ము ఇచ్చుట దీని ఉద్దేశము. మొదట సహజ మరణమునకు 5,000, ప్రమాద మరణమునకు 10,000 రూపాయలుగా నున్న ఈ మొత్తము 2012 అక్టోబరు నుండి 20,000 అయ్యెను. మరణించినవాని వయస్సు 18కిని 59కిని నడుమ ఉండవలెను. ఎదిగిన కొడుకును పోగొట్టుకొన్న తల్లిదండ్రులకు అన్ని ఆపదలలోను ఇదియే పెద్ద ఆపద. అయినను పింఛను సంగతి తెలిసినంతగా ఈ పథకము సంగతి గ్రామములలో తెలియదు.

2000 ఏప్రిలు 1వ తేదీన అన్నపూర్ణ పథకము వచ్చినది. పింఛనుకు అర్హత యుండియు పింఛను దొరకని వృద్ధులకు నెలకు 10 కిలోల ధాన్యము ఉచితముగా ఇయ్యవలెనని దాని నియమము. అర్హులందరికిని పింఛను అందుట లేదని ప్రభుత్వమే ఒప్పుకొనినట్లాయెను. 2001 నవంబరు 28వ తేదీన సుప్రీంకోర్టు, ఆహారపు హక్కునకు సంబంధించిన వ్యాజ్యమున, వృద్ధుల పింఛను ప్రతినెల 7వ తేదీలోగా చెల్లింపవలెనని ఆదేశించెను. మూడు మాసముల సొమ్మును ఒక్కసారి పొందువాడు ఆ మూడు మాసములును అప్పు చేసి బ్రతుకవలెను. అప్పు ఇచ్చినవాడు వడ్డీ క్రింద ముందుగనే కొంత కోసికొనును. కావున నిర్ణీతమైన తేదీ కూడ సొమ్ముతో సమానమే.

కేంద్రము ఇచ్చు మొత్తము 2006లో 200 రూపాయలయ్యెను. 2007 నవంబరు 19వ తేదీన ఇందిరాగాంధీ పేరు పెట్టి, దారిద్ర్యరేఖకు దిగువనున్న వృద్ధులందరకు దీనిని విస్తరించిరి. 2011లో వయస్సును 60కి తగ్గించి, 80 ఏండ్లు దాటినవారికి 500 రూపాయలు చేసిరి. 2024 వరకును కేంద్రపు వాటా ఈ మొత్తములను మించలేదు. 2011 జనాభా లెక్కలలో దేశమున 60 ఏండ్లు నిండినవారు 10 కోట్లకు పైగా ఉండగా, కేంద్ర పింఛను లెక్కలోనికి వచ్చినవారు సుమారు 2 కోట్ల 21 లక్షలు మాత్రమే.

రాష్ట్రములు తమ వాటాను కలిపి ఈ లోటును కొంత పూడ్చినవి. తెలంగాణమున 2014 నవంబరులో ఆసరా పేరుతో 1,000 రూపాయల పింఛను మొదలై, 2019లో 2,016 అయ్యెను. ఆంధ్రప్రదేశమున 2014లో 1,000, 2019లో మొదట 2,000, పిమ్మట 2,250, 2024 జనవరిలో 3,000, అదే సంవత్సరము జులైలో 4,000 రూపాయలుగా వృద్ధాప్య పింఛను పెరిగినది. పార్టీలు మారినను ఈ మొత్తము తగ్గలేదు. వృద్ధుల వోటునకు విలువ కలుగుటయు దీనికొక కారణమని చెప్పవచ్చును.

2020 నాటి పరీక్ష

ఇట్లు నెమ్మదిగా పెరిగిన ఏర్పాటునకు 2020లో కఠినమైన పరీక్ష వచ్చినది. కరోనా మహమ్మారి మూలమున ఆ సంవత్సరము మార్చి 25వ తేదీ నుండి దేశమంతటను రాకపోకలు స్తంభించినవి. వ్యాధి వలన అధికాపాయము ఎవరికో వారే, అనగా వృద్ధులే, ఇల్లు కదలరాదని ఆజ్ఞ. కొడుకులకు కూలి లేదు. ధాత కరువు నాటి స్థితియే మరియొక రూపమున ఎదురయ్యెను.

కాని ఈసారి ఒక భేదము కలదు. పట్టిక సిద్ధముగా నున్నది. మార్చి 26వ తేదీన కేంద్రప్రభుత్వము పేద వృద్ధులకు, వితంతువులకు, వికలాంగులకు రెండు విడతలుగా 1,000 రూపాయల ప్రత్యేక సహాయమును ప్రకటించెను. సుమారు 2 కోట్ల 80 లక్షలమంది ఖాతాలకు అది చేరెను. క్రొత్తగా విచారణ లేదు, దరఖాస్తు లేదు. అంతకు మునుపే, ఆ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీ నుండి, ఆంధ్రప్రదేశమున పింఛనును ఇంటి వద్దనే ఇచ్చు పద్ధతి ఆరంభమై యుండెను. రాకపోకలు లేని ఆ దినములలో వరుసలలో నిలువకయే వృద్ధులు పింఛను పొందగలిగిరి. 1877లో పట్టిక లేక ప్రాణములు పోయినవి. 2020లో పట్టిక యుండుట వలన సొమ్ము దినములలో చేరినది.

అయితే ఇదే సంఘటనకు రెండవ వైపును చూడవలెను. వేయి రూపాయలు చేరినది పట్టికలో పేరున్నవారికి మాత్రమే. రేషన్ కార్డులో వయస్సు తప్పుగా పడినవాడు, పేరు కొడుకు కార్డులో చేరి యున్నవాడు, ఒక ఊరి నుండి మరియొక ఊరికి వచ్చి చేరినవాడు, దరఖాస్తు చేసి ఎదురు చూచుచున్నవాడు, వీరందరును బయటనే నిలిచిపోయిరి. ఏండ్ల తరబడి మట్టిపని చేసి వ్రేలిముద్రలు అరిగిపోగా, యంత్రము తమను గుర్తింపక తిరిగి వచ్చిన ముసలివారును కలరు. పట్టిక ఎంత బలమైనదో, దానిలో లేనివానికి అది అంత కఠినమైనది.

క్షామ నిబంధనావళిలోని ఉచిత సహాయమను మాట నేటికిని పోలేదు. విపత్తుల సహాయ నియమములలో అది నిలిచియున్నది. 2005–10 నాటి నియమములలో వృద్ధులకు, దుర్బలులకు, అనాథ బాలలకు ప్రత్యేకముగా దినమునకు పెద్దలకు 20, పిల్లలకు 15 రూపాయలు అని యుండెను. 2015–20 నాటి నియమములలో జీవనాధారము దెబ్బతిన్న కుటుంబములకు ఇవి 60, 45 రూపాయలయ్యెను. వరదలోను, తుపానులోను సర్వము పోయినవారికి ఇది ఆనాటి బియ్యము, పప్పు మాత్రమే కాగలదు.

గ్రామము చేయదగినది

ఈ చరిత్ర వలన తేలునది యేమి? సహాయమునకు సొమ్ము కావలెను, సందేహము లేదు. కాని సొమ్ము ఉన్నను వృద్ధుడు చనిపోయిన సందర్భములు చరిత్రలో కలవు. ఆ సొమ్ము ఎవరికి చేరవలెనో ముందుగా తెలియకుండుటయు, చేరవలసిన చోటు దూరమగుటయు, చేరవలసిన వేళ దాటిపోవుటయు వానికి కారణములు. ఇల్లు కాలుచున్నపుడు బావి త్రవ్వినచో ప్రయోజనమేమి? పట్టిక కూడ బావి వంటిదే. దానిని చల్లని దినములలో త్రవ్వుకొనవలెను.

ఇందు ప్రభుత్వము చేయవలసిన పని కొంత, గ్రామము చేయవలసిన పని కొంత కలదు. ఊరిలో 60 ఏండ్లు నిండినవారు ఎందరు, వారిలో ఒంటరిగా నున్నవారు ఎవరు, పింఛను పొందనివారు ఎవరు, ఏ కాగితము లేక వారి దరఖాస్తు నిలిచినది అను సంగతులు గ్రామమునకే ముందుగా తెలియవలెను. ఈ లెక్కను సంవత్సరమున కొకమారు సరిచూచి గ్రామ సభలో చదివి వినిపించినచో, పేరు తప్పిన వృద్ధుడు తన సంగతిని అప్పుడే చెప్పుకొనగలడు. సంపాదించు కొడుకు మరణించిన యింటికి కుటుంబ ప్రయోజన పథకమును గూర్చి ఎవరో ఒకరు చెప్పి, మరణ ధ్రువపత్రమును తెప్పించి, దరఖాస్తు వ్రాసి పెట్టవలెను.

కన్నబిడ్డలు కలిగియుండియు పట్టించుకొననిచో 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము కలదు. ఆ చట్టము క్రింద ఏర్పడిన ట్రిబ్యునలునకు దరఖాస్తు చేసికొనవచ్చును. నోటీసు అందిన 90 దినములలో విచారణ ముగింపవలెననియు, ముగియువరకు తాత్కాలిక భరణము ఇప్పింపవచ్చుననియు చట్టము చెప్పుచున్నది. తీర్పు వచ్చువరకు ఆకలి ఆగదు గదా! ఆ తాత్కాలిక భరణమే అట్టివారికి నిజమైన ఆపత్సహాయము. కాని చట్టమున్నదని తెలియనివానికి చట్టము లేనట్లే.

గ్రంథాలయములు ఇచటనే ఉపకరింపగలవు. పత్రిక చదువ వచ్చువారు పది మంది యున్నచోట చదువరాని ముదుసలికి ప్రభుత్వ ప్రకటనను చదివి వినిపించువాడు ఒక్కడైనను దొరకును. పఠన మందిరపు గోడ మీద పింఛనుదారుల పట్టికయు, దరఖాస్తు విధానమును అంటించి యుంచుటకు వ్యయమేమియు లేదు. ఒకనాడు కరణము మనస్సులోను, మునసబు దయలోను ఉండిన లెక్క అందరి కండ్ల ఎదుట గోడ మీదికి వచ్చినచో, దానిని సరిచూచుటకు పై అధికారి వచ్చువరకు వేచియుండ నక్కరలేదు, ఊరివారే సరిచూడగలరు.

ధాత కరువు నాటి పేద వృద్ధునకు దయ దొరకినచో బ్రతుకు, దొరకనిచో చావు. నేటి వృద్ధునకు దయతో నిమిత్తము లేకుండ కొంత భాగము దక్కుచున్నది. ఈ మార్పు నూటయేబది యేండ్లలో సాధింపబడినది, స్వల్పమని చెప్పరాదు. కాని మరల వరదయో తుపానో వచ్చువేళకు ఊరి పట్టికలో ఒక్క ముదుసలి పేరు తప్పియున్నను, ఆ యొక్కరి విషయమున కాలము 1877లోనే నిలిచియున్నట్లు. ఆ పేరు ఎవరిదో కనుగొనుటకు సుభిక్షముగా నున్న దినములే అనువైనవి.